పు-ఎర్ టీ నాణ్యత: నానిన ఆకు దగ్గర తేలే లెక్క

అందరికీ నమస్కారం. ఇవాళ్టి టీలో పాలు, పంచదార, అల్లం, యాలకులు ఏవీ ఉండవు. ఉత్త ఆకు, మరిగే నీళ్లు, అంతే. వెనక వరసల్లో ఉన్నవాళ్లు దయచేసి ముందుకి వచ్చి కూర్చోండి. ఈ పళ్లేల్లో ఉన్న ఆకుని మీరు చేత్తో పట్టుకుని చూస్తేనే నేను చెప్పేది బుర్రకెక్కుతుంది.

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న. "పు-ఎర్‌లో ఏ ఫ్యాక్టరీది మంచిదండీ?" అని. సూటిగా జవాబు చెప్పి మొదలుపెడతాను. ఫ్యాక్టరీ పేరు చూస్తే ఎలాంటి రుచి ఆశించాలో తెలుస్తుంది. ఈ టీని ఆకు నొక్కి బిళ్లలుగా అమ్ముతారు, మీ చేతిలో ఉన్న బిళ్ల బాగుందో లేదో మాత్రం తెలియదు. ఒకే ఫ్యాక్టరీవి, ఒకే నంబరువి, ఒకే బ్యాచ్‌వి రెండు బిళ్లలు తీసుకుని, ఒకటి హాంకాంగ్ గోదాములో, ఇంకోటి కున్‌మింగ్ గోదాములో పదిహేనేళ్లు ఉంచి పక్కపక్కన కాచి పోయండి. ఈ రెండూ ఒకే టీ అంటే ఎవరూ నమ్మరు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు ఈ టీ ఎక్కడిదో రెండు మాటలు. చైనాకి నైరుతి మూల యునాన్ రాష్ట్రం ఉంది. మయన్మార్, లావోస్, వియత్నాం సరిహద్దులు దానికి ఆనుకుని ఉంటాయి. అక్కడి పెద్దాకు తేయాకుతో, ఎండలో ఆరబెట్టిన ఆకుతో చేసిందే పు-ఎర్. 2008లో చైనా పెట్టిన జాతీయ ప్రమాణం కూడా ఇదే చెబుతుంది: యునాన్‌లో గుర్తించిన ప్రాంతాల ఆకే అయ్యుండాలి, పెద్దాకే అయ్యుండాలి, ఎండలో ఆరిందే అయ్యుండాలి. ఈ పెద్దాకు రకం మనకి కొత్తదేమీ కాదు. శాస్త్రవేత్తలు దీన్ని అస్సామికా అంటారు. మన వీధి చివర టీ కొట్లో మరిగే డస్టు టీ చాలావరకు ఆ రకం ఆకే. అసోంలో దాన్ని యంత్రాల్లో నలిపి, తుంచి, గుళికలు చేస్తారు. యునాన్‌లో ఆకుని ఆకుగానే ఉంచి ఏళ్ల తరబడి మాగనిస్తారు.

ఆ మాగడానికి వీలు ఎక్కడ పుడుతుందో చూడండి. కోసిన ఆకుని కాసేపు వాడనిచ్చి, వేడి ఇనుప మూకుడులో వేయిస్తారు. గ్రీన్ టీకీ ఇలాగే వేయిస్తారు కానీ అక్కడ వేడి ఎక్కువ, చివర ఆరబెట్టేదీ వేడిగాలితోనే. అలా చేస్తే ఆకులో మార్పు అక్కడితో ఆగిపోతుంది. పు-ఎర్‌కి కొంచెం తక్కువ వేడి తగలనిస్తారు, తర్వాత చేత్తోనో యంత్రంతోనో నులిమి ఎండలో పరుస్తారు. ఆకులో ఇంకా కొంత జీవం మిగులుతుంది. ఆ మిగిలినదే తర్వాత ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. అందుకే కొత్త బిళ్ల కొనేటప్పుడు నేను మొదట అనుమానించేది ఘుమఘుమలాడే వాసననే. కొత్త షెంగ్ గ్రీన్ టీలా గుప్పుమని పూలవాసన కొడుతూ, నానిన ఆకు చిలకపచ్చగా మెరుస్తుంటే, మూకుడులో వేడి ఎక్కువైందని లెక్క. ఈ ఏడాది తాగడానికి భేషుగ్గా ఉంటుంది. ఐదేళ్లు దాచాక చప్పబడిపోతుంది. చిన్న వర్క్‌షాపులు కొన్ని ఇప్పుడు ఇలాంటి ఆకు ఎక్కువగా చేస్తున్నాయి, కొనేవాళ్లు మొదటి గుక్కకే పడిపోతారు కాబట్టి.

షెంగ్ అన్నాను కదా. పు-ఎర్ రెండు రకాలు. ఆకుని ఆవిరి పట్టి, గుడ్డసంచిలో చుట్టి, రాతి అచ్చు కింద నొక్కి, బిళ్ల చేసి అలాగే మాగబెట్టేది షెంగ్. అది మాగడానికి చాలా ఏళ్లు పడుతుంది. అంత కాలం ఆగలేని మార్కెట్ కోసం వచ్చింది షౌ. 1973లో యునాన్‌లోని కున్‌మింగ్, మెంగ్‌హై ఫ్యాక్టరీల నుంచి కొందరిని దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పంపించారు. అక్కడ ఆకుని తడిపి త్వరగా మాగబెట్టే పద్ధతి చూసి వచ్చి, యునాన్‌లో తమ సొంత పద్ధతి తయారుచేసుకున్నారు. టన్నులకొద్దీ ఆకుని నేల మీద కుప్ప పోసి, నీళ్లు చల్లి, గుడ్డ కప్పుతారు. సూక్ష్మజీవులు పని మొదలుపెట్టగానే కుప్ప లోపల వేడి 50 నుంచి 60 డిగ్రీల దాకా పోతుంది. నెలన్నర, రెండు నెలలు కుప్పని తిరగేస్తూ ఉంటారు. ఎప్పుడు తిరగెయ్యాలి, ఎన్ని నీళ్లు చల్లాలి అన్నది కుప్ప పక్కన నిలబడిన మనిషి అనుభవం మీదే ఉంటుంది.

ఇక ఫ్యాక్టరీలు. మెంగ్‌హై 1940లో, షియాగ్వాన్ 1941లో మొదలయ్యాయి. కున్‌మింగ్ ఫ్యాక్టరీ ఇంకోటి. ప్రభుత్వ కాలంలో ఇవన్నీ ఒకే ఎగుమతి సంస్థ కింద పనిచేసేవి. పైకాగితం కూడా దాదాపు ఒకటే: మధ్యలో టీ అన్న అక్షరం, చుట్టూ ఎనిమిది ఎర్ర అక్షరాలు. పాత బిళ్ల కాగితం చూసి ఇది ఏ ఫ్యాక్టరీదో చెప్పడం కష్టం కాబట్టి, ఎగుమతికి నంబర్లు పెట్టుకున్నారు. 7542 అని వింటుంటారు. మొదటి రెండంకెలు, 75, ఆ కలయిక, అంటే ఏయే ఆకులు ఎలా కలపాలన్న లెక్క, ఏ ఏడాదిదో చెబుతాయి. ఇక్కడ 1975. మూడో అంకె ఆకు సైజు. ఆఖరి అంకె ఫ్యాక్టరీ: 1 కున్‌మింగ్, 2 మెంగ్‌హై, 3 షియాగ్వాన్, 4 పు-ఎర్ ఊరి ఫ్యాక్టరీ. కాబట్టి 7581 కున్‌మింగ్‌వాళ్ల ఇటుక ఆకారపు టీ, 8653 షియాగ్వాన్ బిళ్ల.

ఇక్కడ రెండు పొరపాట్లు అందరూ చేస్తారు, దుకాణదారులతో సహా. 75 చూసి బిళ్ల 1975లో చేసిందనుకుంటారు. అది కలయిక పుట్టిన ఏడాది. 7542ని ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. ఇది ఏ ఏడాదిది అన్నది బ్యాచ్ నంబరు చెబుతుంది. 801 అని ఉంటే 2008లో మొదటి బ్యాచ్ అని. రెండోది, మూడో అంకె చిన్నదైతే మేలురకం అనుకోవడం. అది మొగ్గలు ఎక్కువా, ముదురాకు ఎక్కువా అన్నది మాత్రమే. 8582లో ఆకు పెద్దది, ముదురుది. కొత్తగా ఉన్నప్పుడు మొరటుగా అనిపిస్తుంది. పెద్దాకులో తీపి ఎక్కువ, మాగిన తర్వాత డికాక్షన్ జారుగా, తియ్యగా ఉంటుంది. లేతమొగ్గలన్నీ ఏరి చేసిన షౌ రంగు బాగా దించుతుంది, ధర కూడా ఎక్కువ, కానీ అదే ఆకు మీద నాలుగైదు విడతలు నీళ్లు పోసేసరికే డీలా పడిపోతుంది. నన్ను ఎంచుకోమంటే మామూలు నంబరు బిళ్లే ఎంచుకుంటాను.

సరే, ఆకు చూద్దాం. ఎడమవైపు పళ్లెంలో మెంగ్‌హై 7542 ముక్క, కుడివైపు షియాగ్వాన్ 100 గ్రాముల టువో. టువో అంటే ఇదిగో, బోర్లించిన గిన్నెలా ఉంటుంది, కింద గుంట. 7542 బిళ్ల వెనక మధ్యలో కూడా గుంట చూడండి, గుడ్డసంచి ముడి పడిన చోటు అది. ఈ బిళ్ల 357 గ్రాములు. ఏడు బిళ్లలు వెదురు పొరలో చుడితే రెండున్నర కిలోలు, అలాంటి కట్టలు పన్నెండు ఒక పెట్టె. ఇది గుర్రాలమీద, కంచరగాడిదల మీద టిబెట్‌కీ, దక్షిణానికీ టీ మోసుకుపోయిన కాలపు కొలత.

ఇప్పుడు ఈ దబ్బనం చూడండి. 7542 అంచున గుచ్చితే పొర పొరగా లేస్తుంది, ఆకు విరగదు. టువోలో గుచ్చడానికి బలం కావాలి. షియాగ్వాన్ వాళ్లు గట్టిగా నొక్కుతారు. బరువుతో కాక హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కే వాళ్ల బిళ్లలు, "ఇనుప బిళ్లలు" అంటారు వాటిని, ఇంకా గట్టివి. దీన్ని లోపం అనడానికి లేదు. గాలి లోపలికి తక్కువ పోతుంది కాబట్టి నెమ్మదిగా మాగుతుంది, కానీ ఎక్కువకాలం బలంగా ఉంటుంది. పదేళ్ల టువో, పదేళ్ల మెంగ్‌హై బిళ్ల పక్కపక్కన పెట్టి టువో ఇంకా పచ్చిగా ఉంది, కాబట్టి నాసి అని తీర్పు చెప్పకూడదు. పదేళ్లకి అది ఉండాల్సిన చోటే ఉంది.

కాచే పద్ధతి. కప్పు కప్పుకీ పోల్చాలంటే కొలత ఒకటే ఉండాలి. 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, ఐదు నిమిషాలు. ఇంట్లో తాగేటప్పుడు ఎవరూ అంతసేపు ఉంచరు, చేదెక్కిపోతుంది. నాణ్యత చూడటానికి మాత్రం ఆ చేదు బయటకి రావాలి, లోపం దాక్కునే చోటు ఉండకూడదు. కప్పుల కింద నంబరు రాసి, పేరు కనబడకుండా పెట్టండి. పేరు తెలిస్తే నాలుక మాట వినదు. తర్వాత చిన్న మూతకప్పులో 7 గ్రాములు వేసి, పది పదిహేను సెకన్ల విడతలు తీసి చూడండి. మొదటి నీళ్లు ఆకు కడగడానికి, పారబోసేయండి. ఏడో విడత, ఎనిమిదో విడత నీళ్లలాగా అయిపోతే ఆకులో సత్తా లేదని అర్థం.

మొదట 7542 కప్పు తాగండి. చేదు, వగరు రెండూ ఉన్నాయి కదా. చేదు ఉందని భయపడకండి. అది ఎంతసేపు ఉంటుందో చూడండి. మంచి ఆకైతే మింగిన నిమిషంలోపు చేదు కరిగి, గొంతు లోపల్నుంచి తీపి పైకి వస్తుంది. ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగితే వచ్చే తీపి గుర్తుందా, అలా. నాలుక పక్కల నీరూరుతుంది. నాసి ఆకైతే చేదు నాలుక మీదే పూసినట్టు ఉండిపోతుంది, వగరు చిగుళ్లని పట్టేసుకుంటుంది. చేదు తీపిగా తిరగడం, తిరగకపోవడం, నేను షెంగ్ తీర్పులో అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది దీనికే.

ఇప్పుడు టువో. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగవాసన వస్తోంది. షియాగ్వాన్ అంటే చాలామందికి గుర్తొచ్చేదే ఈ పొగ. కట్టెల మంట మీద వేయించడం, ఆరేటప్పుడు పొయ్యి పొగ తగలడం వల్ల వస్తుంది. కొంతమందికి ఇది ప్రాణం, కొంతమందికి పడదు. నాణ్యత వేరు, ఇష్టం వేరు. నేను చూసేది ఒకటే, పొగ కింద టీ ఉందా లేదా. రెండో విడతలో, మూడో విడతలో పొగ తగ్గి తేనెలాంటి తీపి, బలం బయటపడితే మంచి టువో. పొగ పోయాక ఏమీ మిగలకపోతే, పొగే ఆ ఆకుకి ముసుగు. షియాగ్వాన్ ఉన్నది దాలిలో. చల్లని, గాలి విసిరే చోటు. వాళ్ల పాత కొనుగోలుదారులు టిబెటన్లు. పుట్టగొడుగు ఆకారంలో టీ ముద్దలు వాళ్లకోసమే చేసేవాళ్లు. మధ్యలో ఆగిపోయిన ఆ ఆకారాన్ని 1986లో టిబెటన్ల పెద్ద మతగురువు పదో పంచెన్ లామా ఫ్యాక్టరీకి వచ్చిన తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. వెన్నతో, ఉప్పుతో కాచే టీకి గట్టి ఆకు కావాలి. ఆ బలం ఈ కప్పులో ఇప్పటికీ తెలుస్తుంది.

ఇప్పుడు తాగిన ఆకుని పళ్లెంలోకి వంచుతాను. దగ్గరకి రండి. అసలు లెక్క తేలేది ఇక్కడే. ఈ ఆకుని రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దండి. సాగుతోంది, తోలులా ఉంది, చిరగట్లేదు. మంచి లక్షణం. ఇదిగో ఈ అంచులు ఎర్రగా ఉన్నాయి చూడండి, నాలుగైదు ఆకులే. కోసిన ఆకు ఎక్కువసేపు కుప్పగా పడి ఉంటే అంచులు ఎర్రబడతాయి. కొద్దిగా అయితే పర్వాలేదు. సగం పళ్లెం ఎర్రగా ఉంటే ఆ టీ ఇప్పుడు తియ్యగా ఉంటుంది, దాచడానికి పనికిరాదు. ఈ నల్లచుక్కలు మూకుడుకి అంటుకుని మాడిన చోట్లు. ఇవి ఎక్కువైతే డికాక్షన్ అడుగున నల్ల నలుసులు తేలతాయి. ఇవన్నీ ఏ పైకాగితం మీదా రాయరు.

షౌ పళ్లెంకి వద్దాం. ఒకటి మెంగ్‌హై 7572, ఇంకోటి హైవాన్ 9978. మెంగ్‌హై ఫ్యాక్టరీని నడిపిన జౌ బింగ్‌లియాంగ్ 1999లో హైవాన్ ఫ్యాక్టరీ పెట్టారు. 1973లో గ్వాంగ్‌డాంగ్ వెళ్లినవాళ్లలో ఆయనా ఒకరు. అందుకే రెండింటికీ బంధుత్వం తెలుస్తుంది. మెంగ్‌హై షౌలో చిక్కదనం, కొంచెం చేదు అంచు, తడిమట్టి రుచి ఉంటాయి. హైవాన్‌ది కాస్త మెత్తన. రంగు రెండూ ముదురెరుపు. రంగు ముదురు అయినంత మాత్రాన గొప్ప కాదు. కప్పుని వెలుతురుకి ఎత్తి చూడండి, అడుగు కనబడాలి, కలకగా ఉండకూడదు. కుప్పలోంచి కొత్తగా వచ్చిన షౌ ఏడాదీ రెండేళ్లూ చేపవాసన కొట్టడం మామూలే, గాలి తగిలితే పోతుంది. ఐదేళ్ల షౌలో కూడా ఆ వాసన ఉంటే కుప్ప సరిగా నడవలేదు. ఇక నానిన ఆకు. మంచి షౌ ఆకు గోధుమరంగులో ఉండి, వేళ్ల మధ్య విప్పితే విచ్చుకుంటుంది. కుప్ప లోపల వేడి అదుపు తప్పితే ఆకు బొగ్గులా నల్లబడి, గట్టిపడి, ఎంత నానినా విచ్చుకోదు. అలాంటి ఆకు డికాక్షన్ నల్లగా దిగుతుంది, రుచి మాత్రం చప్పన. నల్లని డికాక్షన్ చూపించి పాతది, ఖరీదైనది అని అమ్మేది ఎక్కువగా ఇదే, జాగ్రత్త.

ఫ్యాక్టరీ గేటు దాటిన తర్వాత సంగతి గోదాముది. కున్‌మింగ్ పొడి ఊరు. అక్కడ దాచిన షెంగ్ వాసన నిలుపుకుంటుంది, ఇరవై ఏళ్లకీ కుర్రతనం పోదు. హాంకాంగ్ పాత వర్తకులు తేమ ఎక్కువున్న గోదాముల్లో కొన్నాళ్లు ఉంచి, తర్వాత పొడి గదికి మార్చేవాళ్లు. చేదు త్వరగా పోతుంది, నేలమాళిగ వాసన వస్తుంది. జాగ్రత్తగా చేస్తే అది కూడా గొప్ప టీయే, టీతో పాటు ఆవిరి మీద వండిన చిరుతిళ్లు పెట్టే డిమ్ సమ్ హోటళ్లు తరాలుగా పోసింది అదే. అదే హాంకాంగ్‌లో 1990కి అటూ ఇటూ చేసిన 7542ని పొడిగా దాచిన సరుకు 88 చింగ్ అన్న పేరుతో ఇవాళ పాత పు-ఎర్‌కి కొలబద్ద అయింది. చూశారా, ఫ్యాక్టరీ నంబరు అదే, పేరు తెచ్చింది మాత్రం గోదాము. తడిగోదాము తేడాగా నడిస్తే గొంతు గీరుకుంటుంది, ఖాళీ కప్పు చల్లారాక వాసన చూస్తే చెమ్మపట్టిన పాత బట్టల కంపు తెలుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు దాగే లోపం చల్లారిన కప్పులో దాగదు. అందుకే ప్రతి కప్పులో ఒక గుక్క మిగిల్చి, చల్లారాక మళ్లీ తాగండి.

ఊళ్ల పేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2004లో మెంగ్‌హై, షియాగ్వాన్ రెండూ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. తర్వాత ధరలు పిచ్చిగా పెరిగి 2007లో కుప్పకూలాయి. తాగేవాళ్ల కంటే దాచి అమ్మేవాళ్లు ఎక్కువైతే జరిగేది అదే. ఆ తర్వాత ఊరు పేరు, కొండ పేరు మీద అమ్మకం పెరిగింది. బులాంగ్ కొండల్లో లావో బాన్‌జాంగ్ ఆకు చేదు, బలం, తిరిగొచ్చే తీపి నిజంగానే గొప్పవి. యీవూ కొండల ఆకు రుచి మెత్తన. కానీ లావో బాన్‌జాంగ్ పేరుతో చవగ్గా దొరికే బిళ్లలో ఆ ఊరి ఆకు ఉండదు. పెద్ద ఫ్యాక్టరీల బలం వేరు. పది ఊళ్ల ఆకుని, రెండు మూడేళ్ల ఆకుని కలిపి, ఏటేటా ఒకే రుచి దగ్గరకి తెస్తారు. అది గొప్ప విద్య. ఒక్క చెట్టు ఆకు కంటే మంచి కలయికే నాకు ఎక్కువ గౌరవం అనిపిస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది కొనాలి సార్?)

పాత బిళ్లల జోలికి వెళ్లొద్దమ్మా. నకిలీలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఐదు, పదేళ్ల మధ్య మెంగ్‌హై 7572 ఒకటి, షియాగ్వాన్ టువో ఒకటి తీసుకోండి. 100 గ్రాముల టువో ఖర్చూ తక్కువే. వీలైతే ఒకే దుకాణంలో, ఒకే గోదాములో ఉన్నవే కొనండి, అప్పుడే తేడా ఫ్యాక్టరీదని చెప్పగలం. బిళ్ల కొనేముందు 20 గ్రాముల శాంపిల్ అడగండి. శాంపిల్ ఇవ్వని చోట పాత టీ కొనకండి.

(ప్రశ్న: మన హైదరాబాద్‌లో దాచుకోవచ్చా?)

దాచుకోవచ్చు. తేమ 60, 70 శాతం మధ్య ఉంటే చాలు. ఇక్కడి ఎండాకాలం గాలి మరీ పొడి. పైకాగితంతోనే అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మూసి ఉంచండి. విశాఖ, కాకినాడ వైపువాళ్లకి ఇబ్బంది తిరగబడుతుంది. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి, బొచ్చులా బూజు పడితే ఆ బిళ్ల పారేయడమే. షెంగ్, షౌ ఒకే పెట్టెలో కలపొద్దు. ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం వాసన. ఆకు పక్కనున్న ప్రతి వాసననీ పీల్చేస్తుంది. వంటింట్లో ఇంగువ డబ్బా దగ్గర, పచ్చడి జాడీల దగ్గర, దేవుడి గదిలో అగరుబత్తుల దగ్గర, కలరా ఉండలు వేసిన బీరువాలో పెట్టకండి. పుస్తకాల గదిలో కిటికీకి దూరంగా ఉన్న అర సరిపోతుంది. పెట్టె మీద కొన్న తేదీ, బ్యాచ్ నంబరు రాసుకోండి. ఏడాదికోసారి అదే 3 గ్రాములు, అదే ఐదు నిమిషాలు కాచి, కింద రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.